సొట్ట క్యాను

ఆ రోజు చెంచురామయ్య చెయ్యాల్సిన పనులు మూడు. పొద్దున్నే, సీసా నిన్న నిలబెట్టినట్టే నిలబడి ఉందో లేదో చూడటం. సాయంత్రం నాలుగింటికి బిరడా తీసి వడకట్టటం. ఆరున్నరకి, మొహం చూడటానికి కూడా ఇష్టం లేని ముగ్గురు మనుషుల్ని ఇంట్లో కూర్చోబెట్టి వాళ్ళకి అది పొయ్యటం. మొదటి రెండూ సులువే.

ఆ సీసా పోర్చుగల్ దేశానిది. ఇరవై ఏళ్ళ కిందట, రొయ్యలు కొనే కంపెనీ తరఫున ఒక దొర విడవలూరు దాటి ఈ సముద్రపు ఒడ్డు దాకా వచ్చి రొయ్యల గుంటలు చూసుకుని, మధ్యాహ్నం చెంచురామయ్య ఇంట్లో భోంచేశాడు. కామాక్షి వండిన చేపల పులుసు మూడుసార్లు పోయించుకుని, ముక్కూ కళ్ళూ కారుతున్నా ఆపకుండా తిన్నాడు. మరుసటి ఏడు కంపెనీ మనిషి చేత ఈ సీసా పంపాడు. పోర్టు అనే తియ్యటి ద్రాక్ష వైను. మీద 1985 అని ఉంది. వెంట ఒక ఉత్తరం: చీకట్లో పడుకోబెట్టి ఉంచితే ఏళ్ళు గడిచేకొద్దీ బాగుపడుతుంది, నలభై ఏళ్ళకి తెరిస్తే మంచిది, తెరిచే ముందు ఒక రోజు నిలబెట్టాలి, అడుగున మడ్డి చేరుతుంది గనక పల్చటి గుడ్డలో వడకట్టాలి, రెండు గంటలు గాలి తగలనివ్వాలి, తెరిచిన నాడే తాగెయ్యాలి.

"వయసు పెరిగేకొద్దీ బాగుపడుద్దంట. నిన్ను గూడా కొన్నాళ్ళు వడ్ల కొట్లో పండబెట్టాల్సింది," అంది కామాక్షి. సీసాను మాత్రమే పండబెట్టింది.

సీసాకి ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి కామాక్షి పోయింది. పోయే ముందు ఆస్పత్రి మంచం మీద మొగుడి చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. నలభై నిండిన ఏడు నా పుట్టినరోజు నాడు తెరువు. మా కిషోర్‌నీ, ముత్యాలయ్యనీ, క్రీస్తురాజు అయ్యవారినీ పిలువు. వాళ్ళు లేకుండా తెరవద్దు. నా ఫోటో ముందర ఒక్క స్పూను పెట్టు, ఎక్కువొద్దు. అంతే. చచ్చేటప్పుడు కూడా పని పురమాయించి పోయిందని చెంచురామయ్యకి ఆమె మీద కూడా కోపమే.

ఎందుకంటే ఆమె పోయిన నెల తిరక్కుండానే అతనికి ఆ ముగ్గురితోనూ మాటలు ఆగిపోయాయి. కిషోర్ బాబు ఆమె తమ్ముడు, కరెంటాఫీసులో పనిచేసి దిగిపోయి నెల్లూరులో ఉంటాడు. అక్క పెద్దకర్మ భోజనాల్లో, అందరూ వింటుండగా, "సాంబార్లో ఉప్పు తగ్గింది బావా" అన్నాడు. ముత్యాలయ్య పక్క గుంట ఆసామి. నీళ్ళు చిలికి రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్‌ను అడిగి తీసుకుపోయి, రెక్క విరగ్గొట్టి, విరిగిన ముక్కల్ని సంచిలో వేసి తెచ్చిచ్చాడు. సంచి మాత్రం తిరిగి అడిగాడు.

క్రీస్తురాజు నేరం వేరు. అతను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. కామాక్షి రోగం గురించి డాక్టరు ఇచ్చిన రిపోర్టును చెంచురామయ్య బీరువాలో చీరల కింద దాచి, ఆమెకి అల్సర్ అని చెప్పాడు. ఐదు నెలలు అదే మాట మీద నిలబడ్డాడు. ఆమె పోయాక తెలిసింది, క్రీస్తురాజు ఆ రిపోర్టును మొదటి వారంలోనే ఆమెకి చదివి వినిపించాడని. ఉప్పునూ, రెక్కనూ ఎప్పటికైనా క్షమిస్తాడేమో అతనికే తెలియదు. దీన్ని క్షమించడని మాత్రం తెలుసు.

మాటల్లేని వాళ్ళని తన నోటితో పిలవడు గనక మస్తానమ్మను పంపాడు. ఇంటి పనీ, గుంట పనీ రెండూ ఆమే చూస్తుంది.

"ఏమని చెప్పాలన్నా?"

"ఆరున్నరకి రమ్మన్నాడని చెప్పు. అమ్మకిచ్చిన మాటని చెప్పు. అంతకు మించి నోరు తెరవబాక."

"నవ్వు మొగంతో చెప్పాల్నా, మామూలుగా చెప్పాల్నా?"

"నీ మొగంతో చెప్పు. పో."

ఆమె చెప్పమన్నది చెప్పింది, నోరు మూసుకుంది. నోరు మూసుకోవటమే కొంప ముంచింది. రెండేళ్ళుగా ఎదురుపడితే తల తిప్పుకునే మనిషి ఉన్నట్టుండి పిలిచాడు, పెళ్ళానికిచ్చిన మాటంటున్నాడు, ఎందుకో చెప్పటం లేదు. ముత్యాలయ్య గుంట గట్టు మీద కూర్చుని ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. చెంచురామయ్యకి కూడా కామాక్షికి వచ్చిన రోగమే వచ్చింది. ఆఖరి చూపులకి పిలుస్తున్నాడు. ఈ మాట క్రీస్తురాజుకి ఇంటికి వెళ్ళి చెప్పాడు, కిషోర్ బాబుకి ఫోన్లో ఏడుస్తూ చెప్పాడు. చెంచురామయ్యకి ఇది చాలా ఆలస్యంగా తెలిసింది. మనకి ఇప్పుడే తెలియటం మంచిది.

నాలుగింటికి చెంచురామయ్య బిరడా తియ్యబోతే అది పొడిపొడి అయి చేతిలోకొచ్చింది. బిరడాను తిట్టాడు. కామాక్షి పాత వాయిలు చీర చింపి, ఆ గుడ్డలో వడకట్టాడు. వైను పొయ్యటానికి వెతికి వెతికి, ఆమె పాలు పోయించుకునే స్టీలు క్యాను తీశాడు. ఒకనాడు గేదె తన్నితే దాని పొట్టకి సొట్ట పడింది. కామాక్షి దాన్ని బాగు చేయించలేదు, పారెయ్యలేదు. ఇంట్లో ఆమెది అని అతను గుర్తుపట్టగల గిన్నె అదొక్కటే. క్యాను మూత తీసి వెనక వరండాలో పెట్టాడు. మడ్డి అంటిన గుడ్డను గిన్నెలో వేసి పారెయ్యమని మస్తానమ్మకి చెప్పాడు. గడ్డం గీసుకుని, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఇదంతా ఆ ముగ్గురి కోసం కాదని అద్దానికి చెప్పాడు.

ఆరింటికి వరండాలోకి వెళ్ళాడు. అక్కడ ఒక క్యాను ఉంది. లోపల నల్లటి ద్రవం ఉంది. సొట్ట లేదు.

రోజూ సాయంత్రం మస్తానమ్మ గుంట మందు తీసుకుపోతుంది. బెల్లం, తవుడు, ఈస్టు నీళ్ళలో నానేసి, పులిశాక వడకట్టిన నీళ్ళవి. గుంటలో చల్లితే రొయ్యకి మంచిది. రోజూ పోయే క్యాను ఇదే అయ్యుండాలి. ఇక్కడుండాల్సిన సొట్ట క్యాను పోయింది. అంటే నలభై ఏళ్ళ వైను, కామాక్షి వైను, ఈపాటికి ఎకరన్నర ఉప్పునీళ్ళలో రొయ్యలు తాగుతున్నాయి.

వంగి వాసన చూశాడు. పాత బెల్లం వాసన, పులుపు. ఇంకాస్త ఓపిగ్గా చూసుంటే ఇంకేమైనా తెలిసేదేమో. సొట్ట లేకపోవటమే అతనికి సాక్ష్యం. మస్తానమ్మకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ వంటింట్లో ఫ్రిజ్ మీద మోగింది. ఒకసారి గుంటలో పడినప్పట్నుంచి ఆమె ఫోన్ ఇంట్లోనే పెట్టిపోతుంది. గుంట రెండు మైళ్ళు. ఫోన్‌ను తిట్టి, బండి తాళం తీసుకునేసరికి వాకిట్లో కిషోర్ బాబు కారు ఆగింది. ముగ్గురూ ఒకే కార్లో దిగారు. ఒకడి చేతిలో యాపిల్ పళ్ళు, ఒకడి చేతిలో కొబ్బరి బొండాలు, ఇంకొకడి చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు.

"ఏందివి? రోగిని చూడ్డానికొచ్చినట్టు?" అన్నాడు చెంచురామయ్య. రెండేళ్ళ తర్వాత వాళ్ళతో అతను మాట్లాడిన మొదటి మాట అది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఏం లేదన్నా, ఊరికే," అన్నాడు ముత్యాలయ్య.

పంపించేద్దామనే అనుకున్నాడు. వైను పోయింది, పొండి అని చెప్పటానికి నోరు కూడా తెరిచాడు. ఈలోపల కిషోర్ బాబు, అక్క దాచిన సీసా బల్ల మీద ఖాళీగా ఉండటం చూసి, వాసన పట్టుకుని చొరవగా వెనక వరండాలోకి పోయి క్యాను ఎత్తుకొచ్చాడు. "వైనంటే నాకు చెప్పబాకు బావా. గోవాలో వారం రోజులుండి వచ్చినా," అంటూ క్యానులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, "అబ్బబ్బా! ఇది గదా సరుకంటే!" అన్నాడు.

చెంచురామయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు. రెండేళ్ళుగా అతను ఈ ముగ్గురికీ తగిన శిక్ష ఏమిటని ఆలోచిస్తున్నాడు. ఏదీ చాలినట్టు అనిపించలేదు. అది ఇప్పుడు దానంతట అదే క్యానులో నడిచి వచ్చింది.

"కూర్చోండి, కూర్చోండి," అన్నాడు. అంత మెత్తగా అతను మాట్లాడి చాలా కాలమైంది. ముత్యాలయ్య పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు.

ఇంట్లో గాజు గ్లాసులు లేవు. చిన్న స్టీలు గ్లాసులు మూడు తెచ్చాడు. వైను రంగు చూడాలి, స్టీలులో ఏం కనపడుతుందని కిషోర్ బాబు సణిగి, పోశాడు.

"నీకేది బావా?"

"నాకు షుగరు."

"ఎప్పట్నుంచన్నా?" అన్నాడు ముత్యాలయ్య, భయంగా.

"ఇప్పట్నుంచే. నువ్వు తాగు."

కిషోర్ బాబు గ్లాసును గుండ్రంగా తిప్పాడు. "గబగబా మింగకూడదు. ముందర వాసన చూడాల. ఎండు ద్రాక్ష తగుల్తా ఉండాదా? దాని ఎనకాల టేకు చెక్క. ఆఖర్న రవ్వంత పొగాకు."

"తవుడు వాసన రాలా?" అన్నాడు చెంచురామయ్య.

"తవుడా?" కిషోర్ బాబు మళ్ళీ ముక్కు పెట్టాడు. కాసేపు ఆలోచించాడు. "ఉండాది బావా! సన్నగా ఉండాది! పడమటి దేశాల్లో దాన్ని పట్టుకోవాలంటే చదువుకోనుండాల. నీకెట్టా తెలిసింది?"

"రోజూ చూస్తా గదా."

ముత్యాలయ్య ఒక్క గుక్కలో తాగేసి, "నాకైతే బెల్లం పానకం మాదిరుండాది," అన్నాడు. చెంచురామయ్య ప్రాణం లేచొచ్చింది. అతని గ్లాసు మళ్ళీ నింపాడు. కిషోర్ బాబుకీ నింపాడు. క్రీస్తురాజు గ్లాసు అందుకుని, వద్దంటున్నా నిండా పోశాడు. పెళ్ళాం పోయాక ఈ ఇంట్లో ఎవరికీ ఇంత ప్రేమగా ఏదీ వడ్డించలేదు.

రెండో గ్లాసు సగానికి వచ్చేసరికి ముత్యాలయ్య ఏడ్చేశాడు. "అన్నా, ఆ రెక్క నా వల్ల ఇరగలా. మా బామ్మర్ది ఇరగ్గొట్టినాడు. వాడి పేరు చెప్పలేక నా మీదేసుకున్నా. నువ్వు పోయే ముందర... అదే, పొయ్యే ముందరంటే... ఎవరు ముందర పోతారో ఎవరికి తెలుసు లే... మన్నించినానని ఒక్క మాటను."

"సంచి ఎందుకు అడిగినావు?"

"అది మా ఆవిడదన్నా."

చెంచురామయ్య మన్నించానని అనలేదు. మిగిలింది తాగమన్నాడు.

క్రీస్తురాజు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని దానిలోకే చూస్తూ అన్నాడు: "రామయ్యా, ఆ రిపోర్టు నేనడగలా. కామాక్షమ్మే మా ఇంటికి తెచ్చింది. 'అయ్యవారా, ఆయన దీన్ని నా చీరల కిందే దాచినాడు. నా చీరలు నేను తియ్యననుకున్నాడు గామాల. చదివి చెప్పండి' అనింది. చదివినా. మొత్తం విన్యాక ఒకటే అనింది. 'నాకు తెలుసని ఆయనకి తెలియనీబాకండి. అల్సరని చెప్పుకోని రోంతసేపన్నా నిద్రపోతా ఉండాడు' అని. నేనెవరికీ చెప్పలా. ఆమె పొయ్యాక ఆ రిపోర్టు మా ఇంట్లో దొరికితే నీకు తెచ్చిచ్చి, మొదటి వారమే ఆమెకి చదివి చెప్పినానన్నా. ఎందుకని నువ్వు నన్ను అడగలా, వాకిలేసినావు."

ఐదు నెలలు తను ఆమె ముందు నటిస్తున్నాననుకున్నాడు చెంచురామయ్య. ఐదు నెలలు ఆమె తన ముందు నటించింది. ఇద్దరిలో ఆమే బాగా నటించింది.

క్రీస్తురాజు చేతిలో గ్లాసు ఇంకా సగం ఉంది. దాన్ని పెదాల దగ్గరికి ఎత్తాడు. చెంచురామయ్య చెయ్యి అతన్ని ఆపటానికి కొంచెం లేచింది. తాగబాకయ్యా, అది గుంట మందు, అనాలి. నాలుగు మాటలు. రెండేళ్ళ కోపానికి వాటిని దాటుకుని రావటం చేతకాలేదు. క్రీస్తురాజు తాగేశాడు. చెంచురామయ్యకి ఇప్పుడు తన మీద కోపం వచ్చింది. అలవాటు లేని చోట వచ్చిన కోపం గనక ఎటు పోవాలో తెలియక గుండెల్లోనే తిరుగుతోంది.

దానికి దారి కిషోర్ బాబు చూపించాడు. క్యానులో మిగిలిన ఆఖరి గ్లాసెడూ వంచి, లేచి, గోడకున్న కామాక్షి ఫోటో ముందు పెట్టి దణ్ణం పెట్టాడు. "అక్కా, నీ పుట్టినరోజు గదా. నువ్వు గూడా రుచి చూడు."

చెంచురామయ్య కుర్చీ వెనక్కి పడింది. "ఆమె ముందర గుంట మందు పెడతావేందిరా!" అని అరిచి, ఆ గ్లాసు లాక్కుని కిటికీలోంచి విసిరాడు. గ్లాసు కొబ్బరిచెట్టుకి తగిలి ఖంగుమంది. చెట్టు మొదలు తడిసింది.

"హమ్మయ్య," అన్నాడు ముత్యాలయ్య. "అన్నకేం రోగం లేదు."

"రోగమేందిరా? రోగం మీకొస్తాది! అది వైను గాదు! బెల్లం, తవుడు, ఈస్టు! నా గుంటకి పోసే మందు! వైను రొయ్యలు తాగినాయి, రొయ్యల మందు మీరు తాగినారు!"

కిషోర్ బాబు మొహం ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా అయింది. టేకు చెక్కా, పొగాకూ అతని కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. ముత్యాలయ్య అప్పటికే పెరట్లోకి పరిగెత్తి గొంతులో వేలు పెట్టుకున్నాడు. కిషోర్ బాబు గుంట మందులమ్మే కొట్టు వాడికి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, మందు లోపలికి పోతే ఏమవుతుందని అడిగాడు.

"ఎకరాకి ఎంత పోసినారు సార్?" అన్నాడు కొట్టు వాడు.

"ఎకరా గాదయ్యా, మనిషికి! రెండు గ్లాసులు!"

"మనిషికి డోసు నాకు తెలీదు సార్. గుంటకైతే పోసినాక రెండు గంటలు ఏరియేటర్ తిప్పాల."

కిషోర్ బాబు ఫోన్ పారేసి పెరట్లోకి పరిగెత్తాడు. క్రీస్తురాజు పరిగెత్తలేదు. మెల్లగా నడిచిపోయి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, మిగతా ఇద్దరి పక్కన వంగాడు. చెంచురామయ్య వంటింట్లోకి పోయి చెంబుడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి తెచ్చాడు. ముందు బావమరిదికే ఇచ్చాడు.

"తాగి చెప్పు. ఈసారి ఉప్పు సరిపోయిందా?"

సరిపోయింది. ముగ్గురూ పెరటి వెనక కాలవ గట్టు మీద వరసగా వంగి, రెండేళ్ళ నాటివన్నీ కక్కుతున్నట్టు కక్కుతుండగా, మస్తానమ్మ చంకలో ఖాళీ సొట్ట క్యానుతో వచ్చింది.

"ఏమైందన్నా వీళ్ళకి?"

"ఏమైందా? నువ్వు చేసిందే అయింది! సొట్ట క్యాను ఎందుకు తీసకపోయినావు? కామాక్షి వైను గుంటలో పోసి వచ్చి ఏమైందంటావా?"

మస్తానమ్మ క్యాను కింద పెట్టింది. కొంగు నడుముకి దోపింది. "అరవబాక. ఈ సొట్ట క్యానులోనే గదా రెండేళ్ళ నుంచి నేను గుంట మందు మోస్తా ఉండేది! అమ్మ పోయినాక పాలు పోయించుకునే దిక్కేది ఈ ఇంట్లో? నువ్వు ఏ పొద్దన్నా వంటింట్లోకి తొంగి చూసినావా? నేను దాన్ని కడిగి బోర్లించి పెడితే నువ్వు పోయి నీ ఫారిన్ సరుకు దాంట్లో పోసినావు. వాసన చూస్తే తెలీదా నాకు? మా ఆయన తాగిన వాసనలన్నీ నేనెరుగుదును. మంచి క్యాను తోమి, నీది దాంట్లోకి మార్చి పెట్టి, మందు నా క్యానులో పోసుకోని పోయినా."

కాలవలో నీళ్ళు ఎర్రగా కదులుతున్నాయి.

ముందుగా తేరుకుంది కిషోర్ బాబు. మూతి తుడుచుకుంటూ నిటారుగా నిలబడి, "అంటే అది ఒరిజినలే! నేను చెప్పలా? టేకు చెక్క!" అన్నాడు.

"తవుడు గూడా ఉండాదన్నావు," అన్నాడు క్రీస్తురాజు. ముత్యాలయ్య కాలవ వైపు చూసి, అందులో తన వాటా ఎంతో గుర్తుచేసుకుని, మళ్ళీ ఏడ్చాడు.

చెంచురామయ్య అరుగు మీద కూలబడ్డాడు. నలభై ఏళ్ళది. పదిహేడేళ్ళు కామాక్షి కాపాడింది. రెండేళ్ళు తను కాపాడాడు. పగతో తను తాగలేదు. తాగిన వాళ్ళ చేత కక్కించాడు. ఆమె వంతు చేతులారా కొబ్బరిచెట్టుకి పోశాడు. తిట్టటానికి మనిషి కోసం చుట్టూ చూశాడు. మస్తానమ్మది తప్పు లేదు. ఆ ముగ్గురిదీ లేదు. కామాక్షిది అసలే లేదు. ఇక మిగిలింది ఎవరో తెలిసి నోరు మూసుకున్నాడు.

"ఆ మడ్డి గుడ్డ..." అన్నాడు, తలెత్తి.

"పారెయ్యలా. అమ్మ చీర గదా, ఉతికి పెడదామని గిన్నెలోనే ఉంచినా," అంది మస్తానమ్మ.

నలుగురూ వంటింట్లో దీపం కింద నిలబడ్డారు. చెంచురామయ్య గుడ్డను పిండాడు. ముత్యాలయ్య చీమిడి చప్పుడు కూడా ఆపాడు. నల్లగా, చిక్కగా, ఒక్కో బొట్టే దిగింది. స్పూను అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత మెలిపెట్టినా ఇంకొక బొట్టు రాలేదు. ఆమె అడిగింది అంతే.

స్పూను తీసుకుపోయి ఫోటో ముందు పెట్టాడు. ముగ్గురూ అతని వెనకే నిలబడ్డారు. ఎవరికీ తాగటానికి ఏమీ లేదు. మస్తానమ్మ కొబ్బరి బొండాలు కొట్టి తెచ్చింది. చెంచురామయ్య మొదటిది క్రీస్తురాజుకి ఇచ్చాడు. "మాటల్లేవనుకోబాక," అన్నాడు. అతని నోటి నుంచి అంతకంటే పెద్ద క్షమాపణ ఎవరూ వినలేదు.

మర్నాడు పొద్దున చూస్తే స్పూను చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఒక్కటీ కక్కలేదు.